నాన్న వయసు చూశారు, లివర్ చూడలేదు

చనిపోయినవారి అవయవాల దానం పనులు చూసే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జీవన్‌దాన్ అధికారులకు, కాలేయ మార్పిడి చేసే డాక్టర్లకు, ఐసీయూల్లో పనిచేసే వైద్యులకు నమస్కారాలు.

మా నాన్న ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1949 జూలై 1 అని ఉంటుంది. అది ఆయన పుట్టిన రోజు కాదు. ఒకటో తరగతిలో చేర్చుకున్న పంతులుగారు రిజిస్టరులో వేసిన తేదీ. ఆ తరంలో జూలై 1న పుట్టినవాళ్లు ప్రతి ఊళ్లోనూ పదుల సంఖ్యలో ఉంటారు. మా నాయనమ్మ లెక్క ప్రకారం నాన్న నందన నామ సంవత్సరం మాఘమాసంలో పుట్టారు, అంటే 1953 మొదట్లో. పిల్లవాణ్ని తొందరగా బడిలో వేయడానికి పెంచిన ఆ మూడున్నరేళ్ల వల్ల ఆయన ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగం నుంచి మూడున్నరేళ్లు ముందుగా దిగిపోయారు. 2023 నవంబరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూ ముందు ఆ మూడున్నరేళ్లు మళ్లీ మా ఎదుటికి వచ్చాయి.

ఆ రోజు తెల్లవారుజామున నాన్న స్నానాలగది గుమ్మంలో పడిపోయారు. మెదడులో పెద్ద రక్తస్రావం. మూడో రోజుకి కంటిపాపల్లో కదలిక లేదు, వెంటిలేటరు తీస్తే ఊపిరి లేదు. "ఇక ఆశ లేదమ్మా" అని డాక్టరుగారు మెల్లగా చెప్పారు. ఆయన మంచివారే, చెప్పేటప్పుడు ఆయన గొంతు కూడా తడబడింది. అప్పుడు మా అమ్మ చీర చెంగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. నాన్న జేబులో ఎప్పుడూ ఉండే కవరు అది. అందులో ఆర్టీసీ పాసు, నాలుగు మడతలు పడిన కరెంటు బిల్లు, జీవన్‌దాన్ కార్డు ఉన్నాయి. విజయవాడ, హైదరాబాదు దారిలో ఎన్నో ఏళ్లు బస్సు నడిపిన మనిషి ఆయన. రోడ్డు మీద పోయిన పిల్లలను ఎంతమందిని చూశారో ఇంట్లో ఎప్పుడూ లెక్క చెప్పలేదు. ఆ కార్డు మాత్రం తీసుకున్నారు.

డాక్టరుగారు కేసు షీటు వైపు చూశారు. "74 ఏళ్లు కదమ్మా. ఈ వయసులో అవయవాలు పనికిరావు. కళ్లు ఇవ్వవచ్చు" అన్నారు. అంతే. ఆ మాటకు నిమిషం కూడా పట్టలేదు. నాన్నకు మద్యం అలవాటు లేదు. షుగరు లేదు. బీపీ మాత్ర ఒకటి వేసుకునేవారు. నెల కిందట ప్రోస్టేటు కోసం తీయించిన పొట్ట స్కానింగు రిపోర్టు ఆ ఫైల్లోనే ఉంది. లివర్ మామూలుగా ఉందని అందులో రాసి ఉంది. ఆ పేజీ ఎవరూ తిప్పలేదు. అవయవాలు తీసుకోని మనిషికి ఎందుకనుకున్నారో ఏమో, బ్రెయిన్ డెడ్, అంటే మెదడు పూర్తిగా ఆగిపోయిందని నిర్ధారించే పరీక్షలు చేయలేదు. ఆ రాత్రి జీవన్‌దాన్‌కు ఫోను కూడా వెళ్లలేదని తర్వాత తెలిసింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన గుండె ఆగిపోయింది.

తర్వాత గంటన్నరకు నేత్రనిధి నుంచి ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద, భుజాన ఐసు పెట్టెతో వచ్చాడు. అతని పద్ధతి నేను మర్చిపోలేను. ముందు నాన్న పాదాలకు దణ్ణం పెట్టాడు. చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, రెప్ప ఎత్తి టార్చి వేసి చాలాసేపు చూశాడు. "శుక్లాల ఆపరేషను అయింది కదండీ, ఫరవాలేదు. నల్లగుడ్డు శుభ్రంగా ఉంది" అన్నాడు. వయసు అడిగి ఫారంలో రాసుకున్నాడు. కానీ ముందు కన్ను చూశాడు, ఆ తర్వాతే మాట చెప్పాడు.

ఈ ఉత్తరంలో నేను అడిగేది అదొక్కటే. ముందు చూడండి. చూసిన తర్వాత పనికిరాదంటే మేము తల వంచి ఒప్పుకుంటాం.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఇరవై రెండేళ్లుగా నల్లబల్ల మీద లివర్ బొమ్మ వేస్తున్నాను. నాన్న పోయాక, ఆ బొమ్మ గురించి నాకు నిజంగా ఎంత తెలుసునని మొదటిసారి సందేహం వచ్చింది. దొరికినంత చదివాను, తెలిసిన డాక్టర్లను విసిగించాను. అప్పుడు తెలిసింది, మన ఒంట్లోని భాగాలన్నీ ఒక్క తీరుగా ముసలివి కావని. గుండె కండరంలో కణాలు చాలావరకు పుట్టినప్పటివే చివరిదాకా ఉంటాయి. లివర్ అలా కాదు. 2022లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ఒక పరిశోధన ఫలితాలు వెల్లడించారు. గత శతాబ్దం మధ్యలో జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో చేరిన రేడియో కార్బన్ మన కణాల్లో కూడా చేరుతుంది. దాని ఆధారంగా లివర్ కణాల వయసు లెక్కగట్టారు. మనిషికి ఇరవై ఏళ్లున్నా ఎనభై ఏళ్లున్నా లివర్ కణాల సగటు వయసు మూడేళ్ల లోపేనని తేలింది. కొన్ని కణాలు పదేళ్ల దాకా ఉంటాయి, అది వేరే సంగతి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్న ఆధార్ తేదీ తప్పని నాకు ముందే తెలుసు. ఆయన ఒంట్లో ఉన్న లివర్‌కు ఆ తేదీతో అసలు సంబంధమే అంతంత మాత్రమని అప్పుడు తెలిసింది.

అలాగని వయసు పట్టించుకోవద్దని అంటే అది అబద్ధం అవుతుంది. కణాలు కొత్తవైనా లివర్‌కు రక్తం తెచ్చే ధమని పాతదే. దానిలో కొవ్వు, సున్నం పేరుకుని ఉండవచ్చు. పెద్దవాళ్ల లివర్ ఐసులో ఎక్కువసేపు ఉంటే తట్టుకోలేదు, పిత్తనాళాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. మార్పిడి ఫలితాన్ని అంచనా వేయడానికి అమెరికా వైద్యులు 2006లో తయారుచేసిన సూచికలో దాత వయసు ముఖ్యమైన అంశాల్లో ఒకటి. 60 దాటితే ప్రమాదం పెరుగుతుందని అందులోనే ఉంది. హెపటైటిస్ సి ఉన్న రోగులకు పెద్దవయసు దాతల లివర్ పెడితే ఆ వైరసు కొత్త లివర్‌ను చాలా వేగంగా పాడుచేసేది. చాలా ఏళ్లపాటు డాక్టర్లు భయపడింది ముఖ్యంగా ఇందుకే, ఆ భయం న్యాయమైనదే. కానీ 2014 ప్రాంతం నుంచి హెపటైటిస్ సి ని పూర్తిగా నయం చేసే మాత్రలు వచ్చాయి. ఆ కారణం పోయింది. భయం మాత్రం ఐసీయూల్లో అలాగే మిగిలిపోయింది.

బయటి దేశాల్లో ఏం జరుగుతోందో మీకు నాకంటే బాగా తెలుసు. అయినా రాస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం చదివే మామూలు మనుషులకు తెలియదు. 2024 మేలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో 98 ఏళ్ల మాజీ సైనికుడు ఒకరు తుపాను తర్వాత ఇంటి చుట్టూ పడిన చెత్త తీస్తూ పడిపోయి, తలకు దెబ్బ తగిలి చనిపోయారు. ఆయన లివర్‌ను 72 ఏళ్ల మహిళకు అమర్చారు. అంతకు మూడేళ్ల ముందు అమెరికాలోనే వెస్ట్ వర్జీనియా రాష్ట్రానికి చెందిన 95 ఏళ్ల మరో మాజీ సైనికుడి లివర్ ఇంకొకరికి ప్రాణం పోసింది. ఇవి అరుదైన సంగతులే, ఒప్పుకుంటాను. కానీ టెక్సాస్ సౌత్‌వెస్టర్న్ వైద్యకేంద్రం వారు 1990 నుంచి 2022 దాకా అమెరికాలో జరిగిన రెండున్నర లక్షల పైచిలుకు కాలేయ మార్పిడులను పరిశీలించారు. దాత ఒంట్లో గడిపిన ఏళ్లు, గ్రహీత ఒంట్లో గడిపిన ఏళ్లు కలిపి నూరేళ్లు దాటిన లివర్లు 25 కనిపించాయి. ఆ 25 మంది దాతల సగటు వయసు దాదాపు 85. ఎనభై అయిదేళ్ల మనిషి దగ్గర తీసుకున్నది మరో పదిహేనేళ్లు ఇంకొకరిని బతికించింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం స్పెయిన్. 1989లో ఆ దేశం జాతీయ అవయవ మార్పిడి సంస్థను పెట్టుకున్నప్పుడు అక్కడి దాతల్లో చాలామంది మనలాగే రోడ్డు ప్రమాదాల్లో పోయిన కుర్రవాళ్లు. తర్వాత ప్రమాదాలు తగ్గుతూ వచ్చాయి. దాతలు కూడా తగ్గాలి కదా? తగ్గలేదు. ఐసీయూల్లో మెదడు రక్తస్రావంతో పోతున్న పెద్దవాళ్ల వైపు చూడటం నేర్చుకున్నారు. ఇప్పుడు అక్కడ దాతల్లో సగానికి పైగా 60 దాటినవాళ్లే, 80 దాటినవాళ్లు కూడా ఏటా ఉంటారు. ఇటలీదీ ఇంచుమించు ఇదే దారి.

మన దగ్గర బ్రెయిన్ డెడ్ దాతల్లో ఎక్కువమంది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు. నాన్న రోడ్డు మీద చూసిన ఆ పిల్లలే. కొడుకు పోయిన దుఃఖంలో ఉండి కూడా అవయవాలు ఇచ్చిన తల్లిదండ్రులకు చేతులెత్తి మొక్కుతాను. 2024లో తెలంగాణలో 188 మంది దాతలయ్యారు. పది లక్షల జనాభాకు 4.88. దేశం మొత్తం మీద చూస్తే అది ఒకటి కూడా లేదు. ఈ పేరు తెచ్చిన జీవన్‌దాన్ సిబ్బంది అంటే నాకు గౌరవం. కానీ హెల్మెట్లు పెట్టుకోవాలని, తాగి బండి నడపవద్దని రోజూ పిల్లలకు చెప్పే టీచరుగా ఒక మాట అడుగుతాను. మా పిల్లలు మా మాట విన్న రోజున మీ జాబితాలో ఎదురుచూస్తున్నవాళ్లకు లివర్ ఎక్కడినుంచి వస్తుంది? ఆ రోజు రావాలని మీరూ కోరుకుంటారు, నేనూ కోరుకుంటాను. అది వచ్చేలోపు పెద్దవాళ్ల వైపు చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఇంటి గుమ్మం లోపలి సంగతి. మన దేశంలో కాలేయ మార్పిడుల్లో చాలావరకు బతికున్న బంధువు ఇచ్చిన ముక్కతోనే జరుగుతాయి. ఆ బంధువు చాలాసార్లు భార్య, లేదా తల్లి, లేదా కూతురు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పొట్ట కోసి, లివర్‌లో సగానికి పైగా తీసే పని అది. ప్రాణాపాయం చాలా తక్కువ, కానీ లేకపోలేదు. నాతో పనిచేసే టీచరు ఒకావిడ భర్తకు సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడి చెడిపోయే జబ్బు. ప్రతి పది రోజులకూ పొట్టలో నీరు తీయించేవారు. ఆవిడ లివర్ ఇస్తానంది, కొవ్వు ఉందని కుదరదన్నారు. రెండు నెలలు అన్నం మానేసి, జొన్నరొట్టె ముక్క తిని, బడి మైదానం చుట్టూ పొద్దున్నే నడిచి తొమ్మిది కిలోలు తగ్గింది. మళ్లీ స్కానింగు చేయించుకునే తేదీకి అయిదు రోజుల ముందు ఆయన పోయారు. ఆయనది మా నాన్న బ్లడ్ గ్రూపు కాదు, కాలమూ వేరు. ఆ రెంటినీ ముడిపెట్టి ఎవరినీ నిందించడం లేదు. కానీ మైదానం చుట్టూ ఆవిడ నడిచిన నడక నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మట్టిలో కలిసిపోయే లివర్లను చూడకుండా వదిలేసి, బతికున్న ఆడవాళ్ల పొట్టలు కోస్తున్నాం.

డాక్టర్లుగా మీకున్న ఇబ్బంది నాకు కొంత అర్థమైంది. ఒక సర్జనుగారు నాతో ఓపికగా మాట్లాడారు. "లక్షలు ఖర్చుపెట్టే కుటుంబం కుర్రవాడి లివర్ కావాలంటుందమ్మా. ముసలాయనది పెట్టి, ఏదైనా తేడా వస్తే మా మెడకు చుట్టుకుంటుంది" అన్నారు. నిజమే. ఆయనే లివర్ ఎలా చూస్తారో కూడా చెప్పారు. పొట్ట తెరవగానే ముందు రంగు చూస్తారట, ముదురు గోధుమ ఎరుపులో ఉండాలి. పసుపు తిరిగిందంటే కొవ్వు పట్టినట్టు. తర్వాత అంచు పట్టుకుని చూస్తారు. మంచి లివర్ అంచు పలచగా, పదునుగా ఉంటుంది. చెడిపోయినది బొద్దుగా, గుండ్రంగా మారుతుంది. వేలితో నొక్కితే మెత్తగా ఒదిగి మళ్లీ లేవాలి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి అప్పటికప్పుడు గడ్డకట్టించి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పెద్ద కొవ్వు బొట్లు 30 శాతం లోపు ఉంటే చాలావరకు వాడుకోవచ్చు. ఆయన చెబుతుంటే నా చేతి వేళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. ఇంత తెలిసిన చేతులు మీకున్నాయి. ఆ చేతుల దాకా నాన్న వెళ్లనే లేదు, కేసు షీటు మీది రెండంకెల దగ్గరే ఆగిపోయారు.

కాబట్టి నా మనవి ఏమిటంటే, వయసును బట్టి కాదనే అధికారం ఐసీయూలో ఉండకూడదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో చనిపోయిన దాత వయసుకు పైహద్దు ఎక్కడా లేదు. అవయవం తీసుకునేవారికి ఉన్న 65 ఏళ్ల హద్దును కూడా 2023లో కేంద్రం తీసేసింది. రాతలో లేని హద్దు నోటి మాటగా ఎందుకు బతుకుతోంది? మెదడు పనిచేయడం ఆగిపోయిందని అనుమానం వచ్చిన ప్రతి కేసులోనూ, మనిషికి 45 ఉన్నా 85 ఉన్నా, నలుగురు డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాల్సిన పరీక్షలు చేయాలి. జీవన్‌దాన్‌కు కబురు వెళ్లాలి. వద్దనే మాట మార్పిడి సర్జను చెప్పాలి, ఎందుకు వద్దో ఒక్క వాక్యం రాయాలి. "ధమని గట్టిపడింది" అని రాసినా చాలు, "కొవ్వు ఎక్కువ" అని రాసినా చాలు. ఆ వాక్యం కుటుంబానికి చెప్పాలి. మాకు అలాంటి వాక్యం ఒకటి దొరికి ఉంటే, నాన్నది ఎందుకు వద్దన్నారని అమ్మ ఈ రెండేళ్లుగా నన్ను అడిగిన మాటే అడుగుతూ ఉండేది కాదు.

లివర్‌ను పంచే పద్ధతిలోనూ ఒక మార్పు ఆలోచించండి. పెద్దవయసు దాత లివర్‌కు కాలమే శత్రువు. దాన్ని దూరం పంపకుండా దగ్గరి ఆస్పత్రిలో, ముందే సిద్ధంగా ఉంచిన రోగికి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. గ్రీన్ చానల్ పెట్టి, అంటే దారంతా ఖాళీ చేయించి, గుండెలను పరుగెత్తించిన పోలీసులు మన దగ్గరే ఉన్నారు కదా. మరీ విషమించిన రోగికన్నా, లివర్‌లో చిన్న కేన్సరు గడ్డ ఉండి ఒళ్లు ఇంకా గట్టిగా ఉన్నవారికి ఇలాంటివి బాగా సరిపోతాయని డాక్టర్లే అంటున్నారు. రాత్రిపూట బయాప్సీ, అంటే ఆ చిన్న ముక్కను, చూడగలిగే పెథాలజిస్టు అందుబాటులో లేకపోతే ఇవన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. హైదరాబాదు ఉస్మానియాలో ఆరోగ్యశ్రీ కింద పేదలకు కాలేయ మార్పిడి చేస్తున్నారు. డబ్బు లేనివాళ్లు చివరికి చేరే చోటు అది. ముందు అలాంటి ప్రభుత్వ ఆస్పత్రులకే ఈ వసతి ఇవ్వండి. బయటి దేశాల్లో ఇప్పుడు లివర్‌ను ఐసులో పెట్టకుండా, ఒంటి వేడిలో రక్తం ఎక్కిస్తూ, పనిచేస్తోందో లేదో యంత్రం మీదే చూసుకునే పద్ధతి వచ్చింది. 2020లో వెల్లడైన ఒక పరిశోధనలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ డాక్టర్లు, మిగతా ఆస్పత్రులన్నీ వద్దని పక్కన పెట్టిన 31 లివర్లను అలా పరీక్షించి, 22 మందికి అమర్చగలిగారు. ఆ యంత్రం ఖరీదైనదని తెలుసు. రెండు రాష్ట్రాలకూ కలిపి ఒక్కటితోనైనా మొదలుపెట్టవచ్చు.

రోగులతో కూడా దాపరికం వద్దు. జాబితాలో పేరు రాసుకునే రోజునే, ఓపీలో, పగటిపూట, కూర్చోబెట్టి చెప్పండి. "70 దాటినవారి లివర్ దొరికితే తీసుకుంటారా? ఇందులో ఉన్న ప్రమాదం ఇది. ఎదురుచూడటంలో ఉన్న ప్రమాదం ఇది." జబ్బు తీవ్రత కొలిచే స్కోరు 30 దాటిన రోగుల్లో సగం మంది దాకా మూడు నెలల్లో పోతారని ఆ సర్జనుగారే చెప్పారు. ఈ లెక్క వినిపించకుండా అర్ధరాత్రి ఫోను చేసి "పెద్దాయనది వచ్చింది, తీసుకుంటారా" అంటే ఎవరు ఔనంటారు? తీసుకున్నవాళ్లు ఏడాది తర్వాత, అయిదేళ్ల తర్వాత ఎలా ఉన్నారో దాతల వయసుల వారీగా మన రాష్ట్రాల లెక్కలు బయటపెట్టండి. స్పెయిన్ లెక్కలు ఎన్ని చెప్పినా మా ఊరివాళ్లకు నమ్మకం కలగదు. విశాఖలోనో, హైదరాబాదులోనో జరిగిన పది మంది సంగతి చెబితే కలుగుతుంది.

మా అమ్మకు ఇప్పుడు 71. ఆమె లెక్కలోనూ ఆధార్ లెక్కలోనూ అంతే, ఆమె పుట్టిన తేదీ సరైనదే. పోయిన సంక్రాంతికి నా చేత ఫోనులో నమోదు చేయించి తానూ జీవన్‌దాన్ కార్డు తెప్పించుకుంది. నాన్న కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులోనే దాన్ని పెట్టుకుంది. వారానికోసారైనా ఆ కవరు తీసి, "నాది చూస్తారంటావా? కనుక్కోవే" అంటుంది. మీనుంచి జవాబు వచ్చిన రోజున ఆమెకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం ఉపాధ్యాయురాలు
గుంటూరు జిల్లా